రాగిరేకు మీద నెత్తురు

అమెరికాలో పిల్లల్ని బడికి పంపినవాళ్ళలో చాలామందికి ఈ బొమ్మ తెలిసే ఉంటుంది. కుడివైపు ఎర్రకోట్ల సైనికులు ఏడుగురు, దారం కట్టి నిలబెట్టినట్టు ఒకే వరసలో ఉండి తుపాకులు కాలుస్తున్నారు. వాళ్ళ వెనక కత్తి పైకెత్తి ఆజ్ఞ ఇస్తున్న అధికారి. ఎడమవైపు జనం. ముగ్గురు నెత్తురోడుతూ నేలమీద పడిపోయారు, మరో ఇద్దరిని పక్కవాళ్ళు ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో తెల్లటి పొగ. ముందువైపు ఒక కుక్క, దీంతో తనకేమీ సంబంధం లేనట్టు నిలబడి ఉంది. సైనికుల వెనక ఉన్న భవనానికి “బుచర్స్ హాల్” అని బోర్డు, అంటే కసాయి కొట్టు. పైన ఆకాశంలో నెలవంక. అడుగున పద్దెనిమిది పాదాల పద్యం, దాని కింద చనిపోయినవాళ్ళ పేర్లు. 1770 మార్చి 5 రాత్రి బోస్టన్ కింగ్ స్ట్రీట్‌లో జరిగిన కాల్పుల బొమ్మ ఇది. చెక్కింది, అచ్చు వేసింది, అమ్మింది పాల్ రెవేర్ అని బొమ్మ మీదే రాసి ఉంటుంది.

నేను బోస్టన్ దగ్గర ఉండబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా ఫ్రీడమ్ ట్రెయిల్ ఎర్రగీత వెంట ఒకసారి నడిపించడం ఆనవాయితీ. ఓల్డ్ స్టేట్ హౌస్ ముందు గుండ్రాళ్ళతో పేర్చిన వృత్తం ఒకటుంది. అక్కడ ఆగి, “కాల్పులు జరిగింది ఇక్కడే” అని చెప్తాం, వాళ్ళు ఫొటో తీసుకుంటారు, అందరం కలిసి క్విన్సీ మార్కెట్‌కి భోజనానికి పోతాం. మా మామగారు మాత్రం ఒకసారి ఆ వృత్తం దగ్గర నిలబడిపోయి, “ఎంతమంది పోయారు బాబూ?” అని అడిగారు. ఐదుగురన్నాను. “ఐదుగురా! దీన్ని మాసకర్ అంటున్నారా వీళ్ళు?” అన్నారు. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో తెల్లదొరల ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కే 379. ఆ లెక్క బళ్ళో చదువుకున్న మనిషికి ఆ అనుమానం రావడంలో తప్పులేదు. ఐదు చావులకి ఆ పేరు ఎలా అతుక్కుంది అన్న ప్రశ్నకి సగం జవాబు ఈ బొమ్మలోనే ఉంది. బొమ్మ పైన పెద్ద అక్షరాలతో అదే మాట చెక్కి ఉంటుంది, ముందు ఇంకా “బ్లడీ” చేర్చి.

ఇంతకీ ఆ రాత్రి జరిగిందేమిటి? 1768 అక్టోబరులో ఇంగ్లండ్ రాజు సైన్యం బోస్టన్‌లో దిగింది. పదహారు వేల జనాభా ఉన్న చిన్న ఊరు. మూలమూలకీ సైనికుడు. జీతాలు చాలక ఆ సైనికులు ఖాళీ వేళల్లో కూలిపనికి పోయేవారు, దాంతో ఊళ్ళో కూలీల నోటికాడ కూడుకీ గొడవ. 1770 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ స్నైడర్ అనే పదకొండేళ్ళ పిల్లవాణ్ణి కస్టమ్స్ శాఖకి పనిచేసే ఒకతను కిటికీలోంచి కాల్చి చంపాడు. ఊరు అప్పటికే ఉడుకుతోంది. మార్చి 5 రాత్రి కస్టమ్స్ హౌస్ ముందు కాపలా ఉన్న హ్యూ వైట్ అనే సైనికుడికీ, ఒక విగ్గుల కొట్టు కుర్రాడికీ మాటామాటా పెరిగి, సైనికుడు ఆ కుర్రాణ్ణి తుపాకితో కొట్టాడు. జనం మూగారు. చర్చి గంటలు మోగాయి. గంటలు మోగితే ఆ రోజుల్లో నిప్పంటుకుందని అర్థం కాబట్టి కొందరు బకెట్లతో పరిగెత్తుకొచ్చారట. కెప్టెన్ థామస్ ప్రెస్టన్ మరో ఏడుగుర్ని తీసుకుని వైట్ సాయానికి వచ్చాడు. జనం మంచుగడ్డలు, ఆల్చిప్పలు, కర్రలు విసిరారు. “కాల్చండిరా చూద్దాం” అని రెచ్చగొట్టారు. మోంట్గమరీ అనే సైనికుడు దెబ్బ తగిలి పడ్డాడు, లేచి కాల్చాడు. కాసేపటికి మిగతావాళ్ళూ కాల్చారు. ముగ్గురు అక్కడే పోయారు. పదిహేడేళ్ళ శామ్యూల్ మావెరిక్ తెల్లారేసరికి పోయాడు. పాట్రిక్ కార్ అనే ఐరిష్ మనిషి తొమ్మిది రోజులు బతికాడు.

ఇప్పుడు మళ్ళీ బొమ్మ చూడండి. సైనికులు ఎనిమిది మంది, బొమ్మలో ఏడుగురు. వాళ్ళు నిలబడింది వంకరగా అర్ధచంద్రాకారంలో, బొమ్మలో కొలబద్ద పెట్టి గీసిన వరస. కాల్పులు చెదురుమదురుగా జరిగాయి, బొమ్మలో ఒక్క ఆజ్ఞకి ఒక్కసారిగా పేలాయి. ప్రెస్టన్ తుపాకులకీ జనానికీ మధ్య, ముందువైపు నిలబడి ఉన్నాడని రిచర్డ్ పామ్స్ అనే వ్యాపారి చెప్పాడు, ఆ సమయానికి తన చెయ్యి కెప్టెన్ భుజం మీదే ఉందన్నాడు. ముందు నిలబడ్డవాడు “కాల్చండి” అని ఎందుకంటాడు, తనకే తగలదూ? బొమ్మలో అందుకే అతను వెనక్కి పోయాడు. నేలమీద మంచు లేదు. జనం చేతుల్లో కర్రల్లేవు. అందరూ ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళలా శుభ్రంగా తయారై ఉన్నారు. రాత్రి తొమ్మిది దాటిన వేళ, బొమ్మలో నెలవంక ఉన్నా వెలుగు మాత్రం పట్టపగలే. కసాయి కొట్టు బోర్డు సంగతి చెప్పక్కర్లేదు. చివరికి కింద రాసినదానిలో కూడా తొందరపాటు ఉంది. గాయపడ్డవాళ్ళలో క్రిస్టఫర్ మంక్, జాన్ క్లార్క్ ఇద్దరికీ ప్రాణం దక్కదని చెక్కేశాడు. ఇద్దరూ అప్పట్లో చావలేదు. మంక్ అవిటితనంతో మరో పదేళ్ళు ఈడ్చాడు.

మా అమ్మాయికి మిడిల్ స్కూల్లో సరిగ్గా ఇదే హోమ్‌వర్క్ ఇచ్చారు. ఒకపక్క రెవేర్ బొమ్మ, ఇంకోపక్క ప్రెస్టన్ వాంగ్మూలం. తేడాలు పట్టండి, ప్రాపగాండా అంటే ఏమిటో మీ మాటల్లో రాయండి. అది ఎనిమిది తేడాలు పట్టింది, ఏ గ్రేడు తెచ్చుకుంది, బొమ్మని ఫోల్డర్లో పెట్టేసింది. తప్పులు పట్టి జీతం తీసుకునే ఉద్యోగం నాది. ప్రోగ్రాంలో తప్పులు దొరికితే చాలదు, అవన్నీ ఒకే దిక్కుకి ఎందుకు వాలుతున్నాయో చూడాలని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్తుంటాను. ఈ బొమ్మ విషయంలో బడి పాఠం తప్పుల పట్టిక దగ్గరే ఆగిపోతుంది. ఆ పట్టిక చదివిన పిల్లలకి మిగిలేది “రెవేర్ అబద్ధమాడాడు” అన్న ఒక్క ముక్క. అంతమాత్రానికైతే ఈ బొమ్మ రెండొందల యాభై ఏళ్ళు బతికేది కాదు.

నా దృష్టిలో ఈ బొమ్మలో ఉన్న అసలు కల్పన బోర్డూ కాదు, కత్తీ కాదు. మధ్యలో ఉన్న ఖాళీ. నిజంగా ఆ రాత్రి జనం తుపాకుల మీదికి వచ్చేశారు, బాయొనెట్లని కర్రలతో కొడుతున్నారు. ఎవరు ఎవర్ని నెడుతున్నారో తెలియని తోపులాట. బొమ్మలో ఆ తోపులాటని కత్తిరించి, చంపేవాళ్ళని ఒకవైపుకీ చచ్చేవాళ్ళని ఒకవైపుకీ జరిపి, నడుమ పొగ నింపారు. ఆ పొగ పక్కన చూసేవాడికి చోటు దొరుకుతుంది. అక్కడ నిలబడి చూస్తే ఎటు చేరాలో ఆలోచించే పని ఉండదు. ముఖాలు కర్రబొమ్మల్లా ఉన్నాయి, కాళ్ళూ చేతులూ కుదరలేదు, దూరం దగ్గర లెక్కలు తప్పాయి, అయినా ఆ ఒక్క అమరికతో బొమ్మ నిలబడిపోయింది.

ఆ అమరిక రెవేర్‌ది కాదు. ఇరవయ్యొక్కేళ్ళ హెన్రీ పెలమ్ అనే కుర్రాడిది. ఆ కాలపు అమెరికాలో పెద్ద చిత్రకారుడైన జాన్ సింగిల్టన్ కాప్లీకి సవతి తమ్ముడు. రెవేర్ వృత్తి వెండిపని, మన మాటల్లో కంసాలి. పళ్ళేలు, కెటిల్స్ చేసేవాడు, వాటిమీద నగిషీ చెక్కే చెయ్యి కాబట్టి అచ్చుబొమ్మలూ చెక్కేవాడు. బొమ్మ వెయ్యడం మాత్రం అతనికి అంతంతమాత్రం. పెలమ్ నమ్మి చూపించిన బొమ్మని రెవేర్ చకచకా తన రాగిరేకు మీదికెక్కించి మార్చి 26 నాటి బోస్టన్ గెజెట్‌లో అమ్మకానికి ప్రకటన ఇచ్చేశాడు. మార్చి 29న పెలమ్ అతనికి రాసిన ఉత్తరం దొరుకుతుంది. దారికాచి దోచుకున్నట్టే నువ్వు నన్ను దోచావు అని దాని సారాంశం. పెలమ్ సొంత బొమ్మ బజార్లోకి వచ్చేసరికి రెవేర్ బొమ్మ ఊరంతా తిరిగేసింది. రెండూ పక్కపక్కన పెడితే పెలమ్ చెయ్యి ఎంత మెరుగో తెలిసిపోతుంది. అయినా పుస్తకాల్లోకి ఎక్కింది రెవేర్ బొమ్మే. న్యూబరీపోర్ట్‌లో జోనథన్ మలికన్ అనే గడియారాల పనివాడు దీనికి మళ్ళీ ఒక నకలు చెక్కాడు, లండన్‌లో కూడా నకళ్ళు వేశారు. నకలుకి నకలు, దానికి ఇంకో నకలు. ముందు పంపినవాడిదే పైచెయ్యి అన్న సూత్రం వాట్సాప్‌తో పుట్టిందని మనం అనుకుంటాం గానీ.

రాగి మీద చెక్కడమంటే ఎంత మొండి పనో ఒకసారి చూడాలి. నునుపు చేసిన రేకు మీద బ్యూరిన్ అనే సన్నటి ఉక్కు ఉలితో అరచేతి బలం పెట్టి గీతలు తోస్తారు. వంపు తిప్పాలంటే ఉలి తిరగదు, రేకుని తిప్పాలి. గీతలో సిరా నింపి, పైనున్నది తుడిచేసి, తడి కాయితం పరిచి, రోలర్ల మధ్య నొక్కితే గాడిలోని సిరా కాయితానికి ఎక్కుతుంది. అంతా తిరగబడి వస్తుంది కాబట్టి అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు వెనక్కి చెక్కాలి. పద్దెనిమిది పాదాల పద్యం, పేర్లు, శీర్షిక అన్నీ అలా ఉల్టాగా చెక్కి మూడు వారాల్లో బజార్లో పెట్టాడంటే రెవేర్ ఎంత హడావుడిలో ఉన్నాడో ఊహించుకోవచ్చు. విచారణ మొదలయ్యేలోపు అభిప్రాయం తయారవ్వాలి. మన దగ్గర కూడా రాగిరేకుల మీద చెక్కారు. రాజుల దానశాసనాలు, తిరుమలలో తాళ్ళపాక వారి సంకీర్తనలు. అక్కడ రాగిని ఎంచుకున్నది చెరిగిపోకుండా ఉంటుందని, ఇక్కడ ఒకటి వందలుగా పెరుగుతుందని. అచ్చు బొమ్మలకి చవగ్గా రంగులు పూసి మరీ అమ్మారు. ఎర్రరంగు కోట్లకీ, నెత్తురుకీ ఒకటే.

విచారణ ఆ ఏడాది అక్టోబరు దాకా మొదలు కాలేదు. సైనికుల తరఫున వాదించడానికి జాన్ ఆడమ్స్ ఒప్పుకున్నాడు, తర్వాత అమెరికాకి రెండో అధ్యక్షుడైన మనిషి. అతనితో పాటు జోసయ్య క్విన్సీ. తమాషా ఏమిటంటే జోసయ్య సొంత అన్న శామ్యూల్ క్విన్సీ ఎదుటి పక్షం వకీలు. ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగుర్ని వదిలేశారు. ఇద్దరికి హత్య కన్నా చిన్న నేరం కింద బొటనవేలి మీద వాత పెట్టి పంపేశారు. ఆ విచారణలో జోసయ్య క్విన్సీ జ్యూరీతో ఒక మాటన్నాడు. మన ఇళ్ళల్లో గోడలకి తగిలించుకున్న అచ్చుబొమ్మలు ఊహకి రెక్కలు తొడిగాయి, ఆ ఆవేశంలో వివేకం జారిపోయే ప్రమాదం ఉంది అని. తెల్లవారితే ప్రతి ఇంటిగోడ మీదా ఆ బొమ్మ కనిపించే ఊళ్ళో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. పన్నెండు మంది దాన్ని విన్నారు కూడా. బొమ్మ కోర్టులో ఓడిపోయింది. బయట గెలిచింది.

ఇక్కడిదాకా కథ బడి పాఠానికి దగ్గర్లోనే ఉంది. నన్ను పట్టుకున్నది ఇంకొకటి. చనిపోయిన ఐదుగుర్లో మొదట గుండు తగిలింది క్రిస్పస్ అటక్స్‌కి. నల్లజాతి రక్తం, స్థానిక ఇండియన్ రక్తం కలిసిన మనిషి. 1750లో బోస్టన్ గెజెట్‌లో ఒక ప్రకటన వచ్చింది. ఫ్రేమింగ్‌హామ్‌లో యజమాని దగ్గర్నుంచి క్రిస్పస్ అనే ఆరడుగుల రెండంగుళాల బానిస పారిపోయాడు, పట్టిస్తే పది పౌండ్లు ఇస్తాం అని. అది ఇతనే అని చరిత్రకారులు చాలామంది అనుకుంటారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఓడల మీద బతికాడు. చనిపోయిన మర్నాటి శవపంచాయతీ కాయితంలో అతని పేరు మైకేల్ జాన్సన్ అని ఉంది. ఊళ్ళో ఏ పేరుతో తిరిగాడో, ఎందుకు తిరిగాడో ఊహించడం కష్టం కాదు. మార్చి 12న గెజెట్‌లో రెవేర్ చెక్కిన నాలుగు శవపేటికల బొమ్మ వచ్చింది. ఒక పేటిక మీద సి.ఎ. అన్న పొడి అక్షరాలున్నాయి. పేటికకి రంగు లేదు, కాబట్టి ఇబ్బందీ లేదు. రెండు వారాల తర్వాత వచ్చిన పెద్ద బొమ్మలో మనుషుల్ని చూపించాల్సి వచ్చింది. రంగులు పూసిన ప్రతుల్లో ఎక్కువవాటిలో పడిపోయినవాళ్ళందరూ తెల్లవాళ్ళే. కింద అటక్స్ పేరుంది, పైన అటక్స్ లేడు.

అంతకన్నా వింత కోర్టులో జరిగింది. బొమ్మ మాయం చేసిన మనిషిని జాన్ ఆడమ్స్ వెతికి మరీ పట్టుకొచ్చాడు. కాల్పులకి కారణం ఊరి పెద్దమనుషులు కాదు, ఆకతాయి పిల్లలు, నీగ్రోలు, ములాటోలు, ఐరిష్ వాళ్ళు, పరాయి ఊళ్ళ ఓడ కళాసీలు అన్నాడు. అటక్స్ ఆకారం చూస్తేనే ఎవరికైనా దడ పుడుతుందన్నాడు. న్యాయం జరిగిందంటాం, నిజమే, ఆ తీర్పుని నేనూ తప్పుపట్టను. కానీ ఆ న్యాయం కొంతభాగం ఒక నల్లమనిషి ఎత్తు మీద నిలబడింది. రెవేర్‌కి ఊరు మంచిదని చూపించడానికి అటక్స్ కనిపించకూడదు, ఆడమ్స్‌కి అదే సంగతి నిరూపించడానికి అటక్స్ తప్ప మరొకడు కనిపించకూడదు. ఇద్దరూ ఒకే ఊరి పరువు కోసం పనిచేశారు. పౌరసత్వం పరీక్షకి వంద ప్రశ్నలు బట్టీపట్టిన నాబోటివాడికి ఈ చోట కాస్త గొంతు పట్టేస్తుంది. ఎయిర్‌పోర్టులో ఒకరకంగా, పండగపూట పోస్టర్లో ఇంకోరకంగా లెక్కకొచ్చే ముఖాలు మనవి కూడా.

ఐరిష్ పాట్రిక్ కార్ సంగతి కూడా చెప్పాలి. తొమ్మిది రోజులు మంచంలో ఉండగా వైద్యుడు జాన్ జెఫ్రీస్ అతన్ని అడిగాడు. తన దేశంలో సైనికులు జనం మీద కాల్చడం చాలాసార్లు చూశాననీ, ఇంతసేపు ఓర్చుకున్నవాళ్ళని మాత్రం చూడలేదనీ, తనని కాల్చినవాడిమీద కోపం లేదనీ కార్ చెప్పాడు. ఆ మాటల్ని వైద్యుడు కోర్టులో చెప్పాడు. ఎక్కడినుంచో వచ్చిన మనిషి, పాత దేశంలో చూసిన కాల్పులతో కొత్త దేశంలో తనకి తగిలిన గుండుని పోల్చి చూసుకున్నాడు. శామ్యూల్ ఆడమ్స్ దీన్ని కొట్టిపారేశాడు. కార్ క్యాథలిక్కు, వాడి మాట ఏమి నమ్ముతాం అన్నాడు. బొమ్మలో అమరవీరుడు, సాక్ష్యం చెప్పేసరికి పరాయివాడు.

అటక్స్‌కి చిత్రంలో చోటు దొరకడానికి ఎనభై అయిదేళ్ళు పట్టింది. 1855లో బోస్టన్ నల్లజాతి రచయిత విలియం కూపర్ నెల్ విప్లవంలో పాల్గొన్న నల్లవారి చరిత్ర రాసి, అటక్స్ చావుని ముఖచిత్రంగా పెట్టాడు. 1856లో విలియం చాంప్నీ గీసిన బొమ్మని బఫర్డ్ రంగుల రాతి అచ్చులో వేశాడు. అందులో అటక్స్ నట్టనడుమ ఉన్నాడు, సైనికుడి తుపాకి చేత్తో పట్టుకుని కూలిపోతూ. బానిసత్వం మీద పోరాటం ఉధృతంగా ఉన్న కాలం. అదీ ప్రచారమే, అందులో దాపరికం లేదు. కానీ గమ్మత్తు చూడండి. అందులో జనం చేతుల్లో కర్రలున్నాయి. తుపాకులకీ మనుషులకీ మధ్య ఖాళీ లేదు. కళ్ళారా చూసినవాళ్ళెవరూ మిగలని కాలంలో, వేరే పోరాటం కోసం వేసిన బొమ్మ, మూడు వారాల్లో వేసిన బొమ్మ కన్నా ఆ తోపులాటకి దగ్గరగా వచ్చింది. నల్లమనిషిని మధ్యకి తేవాలంటే పెలమ్ తెరిచిన ఆ ఖాళీని మూసెయ్యక తప్పలేదు మరి.

ఇలాంటి బొమ్మల గురించి మాట్లాడేటప్పుడు గోయా పేరు తేకుండా ఉండలేం. 1808లో నెపోలియన్ సైన్యం స్పెయిన్ మీద పడ్డాక, 1810 నుంచి పదేళ్ళపాటు గోయా రాగిరేకుల మీద యాసిడ్‌తో చెక్కిన బొమ్మలు “యుద్ధపు ఘోరాలు”. వాటిలో రెండోదాన్ని రెవేర్ బొమ్మ పక్కన పెట్టి చూశాను. అదే అమరిక. కుడివైపు ముఖాలు కనిపించని సైనికులు, ఎడమవైపు పల్లెజనం. కింద గోయా రాసిన పేరు “న్యాయమున్నా, లేకున్నా” అని. పేజీ తిప్పితే మూడో బొమ్మ. ఈసారి గొడ్డలి పల్లెటూరివాడి చేతిలో ఉంది, కింద పడ్డది ఫ్రెంచి సైనికుడు. పేరు “అదే మళ్ళీ”. రెవేర్ దగ్గర ఆ మూడో బొమ్మ లేదు, ఉంటే అమ్ముడయ్యేదీ కాదు. ఇరవయ్యారో బొమ్మలో సైనికులే లేరు. కుడి అంచు నుంచి బాయొనెట్ల మొనలు మాత్రం లోపలికి పొడుచుకొస్తున్నాయి. మోకరిల్లిన మనుషులు, పిల్లతల్లి, చీకటి. అక్కడ మనకి నిలబడే చోటు లేదు. గోయా ఈ బొమ్మల్ని బతికుండగా అమ్మకానికి పెట్టలేదు. 1828లో పోయాడు, 1863లో ఎనభై బొమ్మలు పుస్తకంగా వచ్చాయి. ఎవర్నీ రెచ్చగొట్టలేదు, ఏ జ్యూరీనీ వంచలేదు, ఏ సైన్యాన్నీ వెనక్కి పంపలేదు. గోయా గొప్పవాడా అని అడిగితే రెండోమాట లేకుండా అవునంటాను. కానీ గోయాని చూపించి రెవేర్‌ని కొట్టడం సులువు. సైన్యం ఇంకా వీధిలో ఉండగా వేసిన బొమ్మని, యాభై మూడేళ్ళు బీరువాలో నానిన బొమ్మతో తూచకూడదు.

గెలిచినవాళ్ళ బొమ్మలు ఇంకో రకం. 1799 మే 4న శ్రీరంగపట్నం పడింది, టిప్పు సుల్తాన్ చనిపోయాడు. నిజాం సైన్యం ఇంగ్లీషువాళ్ళ పక్కన ఉండి పోరాడిన యుద్ధం, మనవాళ్ళకీ భాగముంది. 1800లో రాబర్ట్ కెర్ పోర్టర్ అనే ఇరవై మూడేళ్ళ కుర్రాడు లండన్‌లో కూచుని, ఇండియా మొహం చూడకుండా, నూట ఇరవై అడుగుల పొడవున ఆ ముట్టడిని చిత్రించేశాడు. టిక్కెట్టు పెట్టి చూపించారు. తర్వాత వెండ్రమిని దాన్ని అచ్చుబొమ్మలుగా చెక్కితే ఇంటింటికీ చేరింది. అక్కడా ఎర్రకోట్లే, కాకపోతే ఈసారి వాళ్ళు వీరులు. పెద్ద తెరచిత్రం తర్వాత నాశనమైపోయింది. దాన్ని ఇవాళ మనం చూడగలుగుతున్నది ఆ రాగిరేకుల పుణ్యమే.

2009 డిసెంబరు తర్వాత మా ఊరి తెలుగువాళ్ళ మెయిళ్ళలో కూడా ఇలాంటి బొమ్మలే తిరిగాయి. పన్నెండు కుటుంబాలు కలిసి పాట్‌లక్ చేసుకునేవాళ్ళం. తెలంగాణ కావాలనేవాళ్ళు, వద్దనేవాళ్ళు విడిపోయి, ఒకే ఊళ్ళో రెండు సంక్రాంతులు మొదలయ్యాయి. అప్పట్లో ఒకే ఫొటో నాకు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఒకదానిలో లాఠీ ఎత్తిన పోలీసు, కింద కుర్రాడు. రెండోదానిలో కుడివైపు మరో రెండంగుళాలు ఉంది, అక్కడ రాయి పట్టుకున్న చేతులున్నాయి. ఇద్దరు మిత్రులూ తమదే అసలు ఫొటో అన్నారు. నాకు అప్పుడు పెలమ్ గుర్తొచ్చాడు. రెండంగుళాలు కత్తిరిస్తే చాలు, ఖాళీ దానంతటదే తెరుచుకుంటుంది. అయితే రాళ్ళున్నాయి గనక ఆ కుర్రాడి తల పగల్లేదని అర్థం కాదు. ఆ కోపంలో ఈ మాట రెండువైపులా ఎవరికీ రుచించలేదు.

పెలమ్ తర్వాతి జీవితం వింతది. విప్లవానికి ముఖచిత్రంలాంటి బొమ్మకి ఊహ పోసినవాడు రాజభక్తుడుగా తేలాడు. 1776లో ఇంగ్లీషు సైన్యం బోస్టన్ ఖాళీ చేసి పోతున్నప్పుడు దాంతోపాటే ఊరు విడిచి వెళ్ళిపోయాడు. పోయేముందు గీసుకున్న బోస్టన్ పటం 1777లో లండన్‌లో అచ్చయింది, చాలా మంచి పటం. చివరికి ఐర్లండ్‌లో ఒక ప్రభువుగారి భూములు చూసే ఉద్యోగంలో ఉండి, 1806లో అక్కడే నీళ్ళలో మునిగి చనిపోయాడు. రెవేర్‌ది బోస్టన్ గ్రానరీ శ్మశానంలో సమాధి. అటక్స్, కార్, మిగతా ముగ్గురూ, పిల్లవాడు స్నైడర్ ఉన్నదీ అదే శ్మశానం.

బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో రెవేర్ చేతిదని చెప్పే ఇంకో బొమ్మ ఉంది. సిరాతో గీసిన పటం, విచారణలో వాడటానికి గీసినదని అంటారు. అందులో పొగ లేదు, కత్తి లేదు, కుక్క లేదు. వీధులు, ఇళ్ళు పైనుంచి చూసినట్టు గీతలు. సైనికుల చోట వంకర వరసలో చిన్న గుర్తులు. జనం గీయలేదు. పడిపోయిన మనుషులు ఎక్కడ పడ్డారో అక్కడ, పడ్డట్టే, పక్కన ఒక్కొక్క అక్షరం. దానికి రంగు వెయ్యలేదు, నకళ్ళు తీయలేదు, అమ్మలేదు. మా అమ్మాయికి చూపిస్తే, “ఇది హోమ్‌వర్క్‌లో ఎందుకివ్వలేదు?” అంది. నాకు తెలిసి ఇప్పటికీ ఇవ్వడం లేదు.